సన్న అక్షరాల పనితనం

కొత్త డీజిల్ ఇంజన్ ఆయిల్‌ని గాజు గ్లాసులో పోసి ఎండకు పట్టి చూడండి. తేటగా, తేనె రంగులో, గ్లాసు అవతలి వేలు కనిపించేంత స్వచ్ఛంగా ఉంటుంది. అందులో సున్నపురాయి ఉందంటే నమ్మబుద్ధి కాదు. ఉంది. బట్టీలో కాల్చి సున్నం తీసే ఆ రాయిలో ఉన్న కాల్షియం కార్బొనేటే, కొద్ది నానోమీటర్ల నలుసులుగా తయారై, ఒక్కో నలుసు చుట్టూ సబ్బు జాతి అణువుల తొడుగు వేసుకుని ఆయిల్‌లో నిలబడి ఉంటుంది. వెలుతురుకు అడ్డం పడలేనంత చిన్నవి కాబట్టి కంటికి ఆనవు. నెలల తరబడి దుకాణం అరలో ఉన్నా అడుక్కి దిగవు.

ఎందుకింత శ్రమ? డీజిల్‌లో గంధకం ఉంటుంది. అది కాలి, మంటలో పుట్టిన నీటి ఆవిరితో కలిసి గంధకామ్లం అవుతుంది. అందులో కొంత పిస్టన్ రింగుల పక్క నుంచి, ఆయిల్ నిలవుండే కింది చాంబర్‌లోకి దిగుతుంది. వదిలేస్తే బేరింగుల్నీ లైనర్లనీ తింటుంది. ఆమ్లం ఎదురుపడిన ప్రతిచోటా ఒక సున్నపు నలుసు తనను తాను ఖర్చు చేసుకుని దాని పని పడుతుంది. ఈ నిల్వ ఎంత ఉందో చెప్పే అంకె బేస్ నంబర్. ఆయిల్ పాతబడటమంటే చాలావరకు ఈ నిల్వ కరిగిపోవడమే.

ఫోర్ బై ఫోర్ డీజిల్ బండికి ఏ ఆయిల్ వెయ్యాలని అడిగేవాళ్లకు డబ్బా ముందు వైపు జవాబు దొరకదు. అక్కడ పర్వతాలు, మంటలు, పెద్ద అక్షరాల్లో బ్రాండు పేరు ఉంటాయి. అసలు సంగతి వెనక అట్ట మీద, కళ్లజోడు పెట్టుకుని చదవాల్సిన రెండు మూడు వరుసల్లో ఉంటుంది. ఆ వరుసలు రాయగలగడానికి కొన్ని వందల మంది రసాయన నిపుణులు దశాబ్దాలుగా చేసిన పని, తయారైన వస్తువుల్లో నాకు అన్నిటికన్నా ముచ్చటగొలిపే పనుల్లో ఒకటి. మనం దాన్ని చూడకముందే ఆయిల్ నల్లబడిపోతుంది, అదే ఆ పని దురదృష్టం.

ఆ నలుపు సంగతే ముందు చెప్పాలి. కొత్తగా డీజిల్ జీపు కొన్నవాళ్లను మొదట బెదరగొట్టేది అదే. ఆయిల్ మార్పించి పట్టుమని వారం తిరగకముందే గేజి లాగి చూస్తే కాటుక నలుపు. కల్తీ ఆయిల్ పోశాడని మెకానిక్ మీద అనుమానం. నిజానికి ఆయిల్ తన పని తాను చేసుకుపోతోందనడానికి ఆ నలుపే సాక్ష్యం. డీజిల్ మంటలో పుట్టే మసి రేణువు ఒంటరిగా ఉన్నప్పుడు పరిమాణంలో సుమారు 50 నానోమీటర్లకు మించదు. మామూలు ఫిల్టర్ దాన్ని పట్టలేదు, అలా విడివిడిగా ఉన్నంతసేపూ పట్టనక్కర్లేదు కూడా. అవి ఒకదానికొకటి అంటుకుని గుత్తులు కట్టినప్పుడే ముప్పు. ఆయిల్ చిక్కబడుతుంది, ఆ గుత్తులు వాల్వుల సరంజామా దగ్గర ఇనుమును అరగదీస్తాయి. గుత్తులు కట్టకుండా ఆపే పదార్థం పేరు డిస్పర్సెంట్. దాని అణువులో ఒక కొన మసిని పట్టుకుంటుంది. రెండో కొన పొడవాటి నూనె తోక, అది ఆయిల్‌లో ఈదుతుంది. ఒక్కో రేణువు చుట్టూ ఇలాంటి అణువులు మూగి, తోకలు బయటికి పెట్టి, పక్క రేణువును దగ్గరకు రానివ్వవు. డీజిల్ బండిలో ఎంత తిరిగినా నల్లబడని ఆయిల్ కనిపిస్తే నేనైతే సంతోషించను, ఆ మసి ఇంజన్‌లో ఎక్కడ పేరుకుంటోందా అని చూస్తాను.

బొర్రా గుహల దగ్గర నుంచి కటికి జలపాతానికి పర్యాటకుల్ని ఎక్కించుకుపోయే జీపుల్ని కాసేపు గమనిస్తే, ఫోర్ బై ఫోర్ బండి ఆయిల్‌ని ఎంత బాధ పెడుతుందో తెలుస్తుంది. రాళ్లు తేలిన ఎత్తు దారి. మొదటి గేరు, రెండో గేరు, మళ్లీ మొదటి గేరు. డ్రైవరు తొక్కుతాడు, వదులుతాడు, మళ్లీ తొక్కుతాడు. డీజిల్ ఇంజన్ మసి ఎక్కువగా పోసేది సరిగ్గా ఇలాంటప్పుడే, బరువు ఒక్కసారిగా మీద పడి, గాలి అందేలోపు డీజిల్ ఎక్కువైనప్పుడు. ఇంజన్ గొంతు చించుకుంటున్నా బండిది మనిషి నడక వేగం, కాబట్టి రేడియేటర్‌కి ఎదురుగాలి అందదు, ఆయిల్ కాగుతుంది. బండి ఒక పక్కకు ఒరిగినప్పుడల్లా చాంబర్‌లోని ఆయిలంతా ఒక మూలకు చేరి, పంపు గొట్టం మూతి గాలి మింగే ప్రమాదం ఉంది. పైనుంచి దుమ్ము. ఇంత జరిగినా ఓడోమీటర్ కదిలేది కొద్ది కిలోమీటర్లే. హైవే మీద నడిచే కారుకు రాసిన కిలోమీటర్ల లెక్క ఈ బండికి ఎందుకు చెల్లదో ఇక వేరే చెప్పక్కర్లేదు.

ఇక అంకెలు. 15డబ్ల్యూ-40 అనో 5డబ్ల్యూ-30 అనో అందరూ చూసేవి ఇవే. ఆయిల్ చిక్కదనానికి ఎస్‌ఏఈ అనే అమెరికా ఆటోమొబైల్ ఇంజనీర్ల సంఘం 1911లో తొలిసారి తరగతులు కట్టింది. ఇవాళ మొదటి అంకె చలికి, రెండోది వేడికి. 15డబ్ల్యూ అనిపించుకోవాలంటే మైనస్ 20 డిగ్రీల దగ్గర క్రాంకు తిరగనిచ్చేంత పలుచగా ఉండాలి, మైనస్ 25 దగ్గర పంపు లాగగలగాలి. 5డబ్ల్యూకి అవే పరీక్షలు మైనస్ 30, మైనస్ 35 దగ్గర. జనం తెల్లవారుజామునే మంచు చూడటానికి ఎగబడే లంబసింగిలో కూడా చలి సున్నా చుట్టుపక్కలే ఆగిపోతుంది. లద్దాఖ్ చలికాలంలో బండి నడిపేవాళ్లు తప్ప మనలో ఎవరూ ఆ అంకె కోసం తల బద్దలు కొట్టుకోవాల్సిన పని లేదు. అయితే అంత చలి లేని ఊళ్లో కూడా పొద్దున్నే తొలి స్టార్టులో 5డబ్ల్యూ ఆయిల్ పైదాకా కాస్త ముందుగా చేరుతుందన్న మాట నిజం.

ఆ చలి పరీక్షల్లో ఒకదాని కథ మాత్రం మనకు అక్కర్లేకపోయినా చెప్పి తీరాలి. 1980–81 చలికాలంలో అమెరికాలోని దక్షిణ డకోటా రాష్ట్రం, సూ ఫాల్స్ ఊళ్లో ఇంజన్లు వరసగా పాడయ్యాయి. వాటిలో పోసిన ఆయిళ్లు అప్పటి చలి పరీక్షలు పాసైనవే. తప్పు చల్లబడ్డ తీరులో ఉందని తేలింది. ఆ రోజుల్లో వాతావరణం నెమ్మదిగా, గంటల తరబడి చల్లబడింది. అలా నిదానంగా చల్లారితే ఆయిల్‌లోని మైనం స్ఫటికాలు తీరుబడిగా ఒకదానికొకటి అల్లుకుని జెల్లీ కడతాయి. పంపు తన మూతి దగ్గరున్నది లాగేసుకుంటుంది, ఆ ఖాళీలోకి పక్కనున్న ఆయిల్ జారదు, తర్వాత వచ్చేది గాలి. పరీక్షశాలలో వేగంగా చల్లార్చినప్పుడు ఈ జబ్బు బయటపడలేదు. దాంతో పరీక్షే మారిపోయింది. ఇప్పుడు ఆయిల్‌ని సుమారు రెండు రోజుల పాటు మెల్లమెల్లగా చల్లారుస్తారు. అందులో మునిగి ఉన్న చిన్న ఇరుసుకు దారం చుట్టి, దారం కొసకు చిన్న తూకపు రాయి వేలాడదీసి, ఇరుసు కదులుతుందా లేదా అని చూస్తారు. జెల్లీ కట్టి ఉంటే కదలదు. దారం, తూకపు రాయి! ఇంత ఖరీదైన రసాయన పరిశ్రమలో తీర్పు ఇంత సాదా సామానుతో చెప్పిస్తున్నారంటే నాకు భలే ఇష్టం.

మన దేశపు ఎండలకు అసలు లెక్క రెండో అంకెది. 40 గ్రేడు అంటే 100 డిగ్రీల వేడిలో ఆయిల్ చిక్కదనం 12.5 నుంచి 16.3 సెంటీస్టోకుల మధ్య ఉండాలి. ఇది సన్నటి గాజు గొట్టంలోంచి ఆయిల్‌ని తన బరువుతోనే జారనిచ్చి కొలిచేది. కానీ బేరింగులో ఆయిల్ అలా తీరిగ్గా జారదు. క్రాంకు వేగంగా తిరుగుతుంటే, వెంట్రుక కన్నా సన్నటి సందులో నలిగిపోతూ ఇనుమునూ ఇనుమునూ విడిగా ఉంచాలి. అందుకే ఇంకో పరీక్ష పెట్టారు. ఆయిల్‌ని 150 డిగ్రీలకు కాచి, కొన్ని మైక్రాన్ల సందులో బిగించిన ఇరుసును గిర్రున తిప్పి, ఆ నలుగుడులో చిక్కదనం ఎంత మిగిలిందో చూస్తారు. దీన్ని హెచ్‌టీహెచ్‌ఎస్ అంటారు. 15డబ్ల్యూ-40కి అది 3.7కి తగ్గకూడదు. 30 గ్రేడుకి 2.9 ఉన్నా చాలు.

ఇక్కడే వెనక అట్ట విలువ తెలుస్తుంది. ముందు వైపు రెండు డబ్బాల మీదా 5డబ్ల్యూ-30 అనే ఉంటుంది. వెనక ఒకదాని మీద యూరప్ వాళ్ల గుర్తు ఏసీఈఏ సీ2 అని, రెండోదాని మీద సీ3 అని ఉండొచ్చు. సీ2కి ఆ 2.9 సరిపోతుంది. సీ3 కనీసం 3.5 అడుగుతుంది. అంకె ఒకటే, బేరింగు మీద నిలిచే పొర వేరు. మొదటిది మైలేజీ మిగల్చడం కోసం పలుచగా కలిపినది. రెండోది బరువు మోయడం కోసం. ఇంజన్ కట్టినవాళ్లు దేన్ని దృష్టిలో పెట్టుకుని సందులు కోశారో మాన్యువల్‌లో రాసి ఉంటుంది. ఊహించి మార్చే అధికారం మనకు లేదు.

ఒకే ఆయిల్ చలిలో 15లాగా, వేడిలో 40లాగా ఎలా ఉండగలుగుతుంది? అందులో పొడవాటి పాలిమర్ గొలుసులు కలుపుతారు. చల్లగా ఉన్నప్పుడు అవి ముడుచుకుని ఓ మూల ఉంటాయి. వేడెక్కితే విచ్చుకుని ఆయిల్ మరీ పలచబడకుండా అడ్డుకుంటాయి. ఇబ్బంది ఏమిటంటే, పళ్లచక్రాల మధ్య, సన్న సందుల్లో ఈ గొలుసులు తెగిపోతాయి. నాసిరకం గొలుసులు వేసిన 40 గ్రేడు ఆయిల్ కొన్నాళ్లకే 30 అయి కూర్చుంటుంది, డబ్బా మీద అంకె మాత్రం మారదు. దీన్ని పట్టుకోవడానికి పెట్టిన పరీక్ష నాకు అన్నిటిలోకీ ఇష్టం. ఒక డీజిల్ ఇంజెక్టర్ తీసుకుంటారు. ఆయిల్‌ని ఆ ముక్కులోంచి బలంగా చిమ్మిస్తారు. ఒకసారి కాదు, 30 సార్లు. తర్వాత కొలుస్తారు. డీజిల్ ఆయిళ్లలో పై తరగతులకు 90 సార్లు. అన్నిసార్లు చిమ్మించుకున్నాక కూడా 40 గ్రేడు 40 గ్రేడుగానే మిగలాలి. డీజిల్ ఇంజన్ నోటితోనే డీజిల్ ఆయిల్‌కి పరీక్ష పెట్టాలన్న ఆలోచన ఎవరికి వచ్చిందో గానీ, వాళ్లకు దండం పెట్టాలి.

సింథటిక్ అనే మాట గురించి ఒక చిన్న పక్క మాట. ముడి చమురును బాగా శుద్ధి చేసి, అణువుల రూపం మార్చి తీసిన బేస్ ఆయిల్‌ని కూడా సింథటిక్ అని అమ్ముకోవచ్చా అని 1999లో అమెరికాలో మొబిల్, క్యాస్ట్రాల్ మధ్య తగవు నడిచింది. ప్రకటనల తగవులు తీర్చే సంస్థ క్యాస్ట్రాల్ వైపు మొగ్గింది. అప్పటి నుంచి ఆ మాట ఒక్కటే చూసి లోపల ఏముందో చెప్పలేం. మంచి సింథటిక్ ఆయిల్ వేడికి నిజంగానే బాగా తట్టుకుంటుంది, దానికి వంక పెట్టను. ముందు వైపు మెరిసే మాట కన్నా వెనక వైపు పాసైన పరీక్ష నమ్మదగినదని మాత్రం అంటాను.

అరుగుదల ఆపే మందు పొడుగు పేరును వర్క్‌షాపుల్లో జింకు అని తేల్చేస్తారు. జింకు, ఫాస్ఫరస్, గంధకం కలిసిన ఈ పదార్థం 1940ల నుంచి ఆయిళ్లలో ఉంది. ఇనుము ఇనుముతో రుద్దుకునే చోట, ఆ ఒత్తిడికీ వేడికీ విచ్ఛిన్నమై, సుమారు 100 నానోమీటర్ల మందాన గాజు లాంటి పొర కడుతుంది. పొర అరిగితే మళ్లీ కడుతుంది.

ఇన్ని మంచి దినుసులూ ఇంకొంచెం ఎక్కువగా పోస్తే పోలేదా అనిపిస్తుంది. ఆయిల్ కలిపేవాళ్ల అసలు నేర్పు ఈ చిక్కు దగ్గరే బయటపడుతుంది. కాల్షియం, జింకు, ఫాస్ఫరస్ కాలిపోయే రకం కాదు. ఆయిల్ ఎంతో కొంత సిలిండర్‌లో కాలక తప్పదు, కాలిన ప్రతి చుక్కా బూడిద మిగులుస్తుంది. పాత జీపులో ఆ బూడిద సైలెన్సర్‌లోంచి పోయేది, ఎవరికీ పట్టేది కాదు. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్6 కాలుష్య నిబంధనలు వచ్చాయి. డీజిల్ బండ్ల పొగగొట్టంలో మసిని పట్టే డీపీఎఫ్ అనే ఫిల్టర్ చేరింది. పట్టిన మసిని సుమారు 600 డిగ్రీల వేడికి కాల్చి శుభ్రం చేసుకుంటుంది. మసి కాలుతుంది, బూడిద కాలదు. ఎంతో ఖరీదైన ఆ ఫిల్టర్ రంధ్రాలు బూడిదతో పూడుకుంటూ పోతాయి. ఇంజన్‌ని కాపాడే సున్నమే ఫిల్టర్‌కి చేటు చేస్తుంది.

ఈ చిక్కు విడిపోయే దారి డీజిల్ పోసే బంకు నుంచి వచ్చింది. బీఎస్3 డీజిల్‌లో పది లక్షల వంతుల్లో 350 వంతుల దాకా గంధకం ఉండేది. బీఎస్4లో 50. బీఎస్6లో 10. గంధకం తగ్గితే ఆమ్లం తగ్గింది, ఆమ్లం తగ్గితే అంత సున్నం అక్కర్లేకపోయింది. బూడిద తక్కువ ఇచ్చే ఆయిల్ అప్పుడు సాధ్యమైంది. ఏపీఐ అనే అమెరికా పెట్రోలియం సంస్థ తరగతుల్లో ఈ మార్పు అచ్చుపడి కనిపిస్తుంది. 2002లో వచ్చిన సీఐ-4, ఆ తర్వాతి సీఐ-4 ప్లస్ మసిని బాగా మోస్తాయి, బూడిద మీద పట్టింపు లేదు. ఆ తర్వాతి సీజే-4, 2016 చివర్లో వచ్చిన సీకే-4 బూడిదను 1 శాతానికి మించనివ్వవు. ఏసీఈఏ సీ3 ఇంకా గట్టిది, 0.8 శాతం. సీకే-4తో పాటే ఎఫ్ఏ-4 అని ఇంకొకటి పుట్టింది. అది పలుచటి ఆయిల్ కోసం కట్టిన కొత్త ఇంజన్లకే, పాత బండికి పనికిరాదు.

షెడ్డుకు వచ్చి, "మేస్త్రి గారూ, డబ్బు ఎక్కువైనా పర్లేదు, అన్నిటికన్నా మంచి ఆయిల్ వెయ్యండి" అనేవాళ్లుంటారు. తెలిసిన మేస్త్రి, "మంచిదంటే దేనికండీ?" అని అడిగి, బానెట్ ఎత్తకముందే బండి ఏ ఏడాదిదో చూస్తాడు.

పాత మహీంద్రా డీఐ జీపు అయితే సీఐ-4 ప్లస్ రాసి ఉన్న మామూలు 15డబ్ల్యూ-40 దానికి అమృతం. అందులో 5డబ్ల్యూ-30 పోస్తే అరిగి సందులు పెరిగిన బేరింగుల్లో వేడి మీద ప్రెషర్ పడిపోతుంది, ఖర్చు పెట్టి మరీ చెడగొట్టుకున్నట్టు. డీపీఎఫ్ లేని కామన్ రైల్ థార్‌కి కూడా మాన్యువల్ ఒప్పుకుంటే అదే 15డబ్ల్యూ-40 నడుస్తుంది. సీకే-4 దొరికితే అదీ సరే, ఇప్పుడు ఏ బంకులోనైనా పోసేది తక్కువ గంధకం డీజిలే కదా. 2020 తర్వాతి థార్ అయినా, మన శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు వీ-క్రాస్ అయినా సంగతి వేరు. పొగగొట్టంలో డీపీఎఫ్ ఉంటే మాన్యువల్‌లో అడిగిన తక్కువ బూడిద రకం తప్ప మేస్త్రి ఇంకొకటి ముట్టుకోడు. పాత స్టాకులో మిగిలిన సీఐ-4 డబ్బా ఎంత చవగ్గా వచ్చినా సరే. బోరుకొచ్చిన ఇంజన్‌కి 20డబ్ల్యూ-50 పోసి పొగ ఆపడం కొందరికి అలవాటు. అది నాలుగు నెలలు జబ్బును కప్పిపెట్టడమే. ఆ డబ్బు రింగుల కోసం దాచుకోవడం నయం.

మేస్త్రి చేతి పని కూడా చూడదగ్గదే. ఇంజన్ వేడిగా ఉండగానే డ్రెయిన్ బోల్టు విప్పుతాడు, చల్లబడితే మడ్డి అడుగునే ఉండిపోతుందని. కారేది పాలు కలిపిన కాఫీ రంగులో ఉంటే అక్కడే ఆగిపోతాడు. నీళ్లు కలిశాయన్నమాట. హెడ్ గాస్కెట్ పోయిందో, వాగు దాటేటప్పుడు లోపలికి పోయాయో తేల్చకుండా కొత్త ఆయిల్ పొయ్యడు. బోల్టుకు కొత్త వాషరు వేస్తాడు. ఫిల్టర్ రబ్బరు రింగుకు కొత్త ఆయిల్ రాసి చేత్తోనే బిగిస్తాడు. గేజి మీద రెండు గీతల మధ్య, కొండెక్కే బండికి పై గీత దగ్గరగా, అంతే. ఒక అర లీటరు ఎక్కువ పోస్తే మంచిదనుకునేవాళ్లకు అతను చెప్పే మాట ఒక్కటే, క్రాంకు తగిలి చిలికితే నురగ వస్తుంది, నురగ బేరింగును మొయ్యదు. చివరికి ఖాళీ డబ్బాకు స్క్రూడ్రైవర్‌తో చిల్లు పొడుస్తాడు, ఎవడూ దాన్లో నకిలీ నింపి అమ్మకుండా.

కొత్త బండ్లతో ఈ మధ్య అతను నేర్చుకున్న విద్య ఇంకొకటి ఉంది. గేజి తీసి ముక్కు దగ్గర పెట్టుకుంటాడు. డీపీఎఫ్ మసి కాల్చుకోవాలంటే పొగ వేడెక్కాలి, దాని కోసం చాలా ఇంజన్లు సిలిండర్‌లోకి కాస్త ఎక్కువ డీజిల్ చిమ్ముతాయి. హైవే మీద అయితే ఆ పని సాఫీగా ముగుస్తుంది. లో గేరులో పాకే బండిలో పొగ వేడెక్కదు, పని మొదలై మధ్యలో ఆగుతుంది, మళ్లీ మొదలవుతుంది. ప్రతిసారీ కొంత డీజిల్ గోడల వెంబడి జారి చాంబర్‌లో చేరుతుంది. అందుకే ఆయిల్ తగ్గాల్సింది పోయి పెరుగుతుంది. "ఇంజన్ చక్కగా ఉంది, ఆయిల్ ఒక్క చుక్క కూడా తాగలేదు" అని ఓనరు మురిసిపోతుంటే, మేస్త్రి డీజిల్ వాసన పసిగట్టి, పై గీత దాటిన ఆయిల్‌ని దింపేస్తాడు. అందులో మిగిలింది 30 గ్రేడో 20 గ్రేడో ఎవరూ చెప్పలేరు. అలాంటి బండికి కిలోమీటర్లు చూడకుండా, కొండ మీద ఎన్ని గంటలు నడిచిందో అడిగి తర్వాతి మార్పు తేదీ ఫిల్టర్ మీద మార్కర్‌తో రాస్తాడు. మాన్యువల్‌లో కఠిన వాడకం అని ఒక చిన్న పట్టిక ఉంటుంది, దుమ్ము, బరువు లాగడం, ఎక్కువసేపు నిలబెట్టి ఇంజన్ నడపడం. ఫోర్ బై ఫోర్ కొన్నవాళ్లకు వర్తించే పేజీ అదే. చాలామంది దాన్ని దాటేసి, పక్క పేజీలోని పెద్ద అంకెనే గుర్తుపెట్టుకుంటారు.